సీఆర్‌పీ డిప్రెషన్ పరీక్ష కాదు: డయాగ్నొస్టిక్ ల్యాబులకు, కుటుంబ వైద్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో డయాగ్నొస్టిక్ ల్యాబులు నడుపుతున్నవారికి, ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీలు తయారుచేసేవారికి, ఆ రిపోర్టులు చదివి మందు రాసే వైద్యులకు,

నమస్కారం.

కొవిడ్ వచ్చిన రెండేళ్లలో సీఆర్‌పీ అనే మాట తెలియని ఇల్లు లేకుండా పోయింది. సీఆర్‌పీ అంటే సీ-రియాక్టివ్ ప్రొటీన్: ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (ఇన్‌ఫెక్షన్, గాయం వంటివాటికి ఒళ్లు చూపే వాపు స్పందన) ఉంటే రక్తంలో పెరిగే ప్రొటీన్. సీఆర్‌పీ ఎంతుంది, డి-డైమర్ ఎంతుంది, ఐఎల్-6 చేయించారా అని చుట్టాలు ఫోన్ చేసి మరీ అడిగేవారు. కొవిడ్ పోయినా ఆ అలవాటు పోలేదు. ఇప్పుడదే పరీక్ష ఒత్తిడి, మానసిక ఆరోగ్యం పేరుతో ప్యాకేజీల్లోకి ఎక్కుతోంది. డిప్రెషన్‌కీ రక్తంలో ఇన్‌ఫ్లమేషన్‌కీ సంబంధం ఉందన్న వార్తలు దానికి ఊతమిస్తున్నాయి.

మేము మానసిక వైద్యంలోనూ క్లినికల్ బయోకెమిస్ట్రీలోనూ పనిచేస్తున్నవాళ్లం. ఆ సంబంధం నిజమేనని ముందే ఒప్పుకుంటున్నాం. అయితే ఒక మనిషికి డిప్రెషన్ ఉందో లేదో తేల్చగలిగేంత గట్టి సంబంధం కాదది. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాం: హెచ్‌ఎస్-సీఆర్‌పీని (చాలా తక్కువ మోతాదులనూ కొలిచే, గుండెజబ్బు ముప్పు అంచనాకు వాడే సీఆర్‌పీ పరీక్షను) డిప్రెషన్ పరీక్షగా అమ్మకండి, అలా చదవనూ వద్దు. నార్మల్ వచ్చిన కాగితం చూపించి "నీకేం లేదమ్మా, అన్నీ బాగున్నాయి" అని పంపేయకండి. ఎక్కువ వచ్చిన కాగితం చూసి నొప్పి బిళ్లలు రాయకండి.

ఈ రెండు పొరపాట్లలో మొదటిదే ఎక్కువ ప్రాణం తీస్తుంది. మన దగ్గర డిప్రెషన్ ఉన్న మనిషి "నాకు దిగులుగా ఉంది" అంటూ రారు. ఒంట్లో సత్తువ లేదంటారు, తల బరువంటారు, నడుం లాగేస్తోందంటారు, రాత్రి మూడింటికే మెలకువ వచ్చేస్తోందంటారు. ముందు ఆర్‌ఎంపీ దగ్గర ఓ సెలైన్, బీ-కాంప్లెక్స్ ఇంజెక్షన్ అవుతాయి. తర్వాత రక్త పరీక్షలు. అవి నార్మల్ వస్తే ఇంట్లోవాళ్లకు ఒక ఆయుధం దొరికినట్టే: "రిపోర్టులోనే ఏమీ లేదు కదా, అంతా నీ ఊహ." ఆ మాట విన్న మనిషి మళ్లీ నోరు విప్పడం కష్టం. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో డిప్రెషన్ ఉన్నవారిలో నూటికి 85 మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన రెండూ లేవు. ఇక్కడి పరిస్థితి అంతకన్నా మెరుగ్గా ఉందనుకోవడానికి మాకు ఆధారమేదీ కనిపించలేదు.

సీఆర్‌పీని 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో కనిపెట్టారు. న్యుమోకోకస్ కణగోడలోని సీ-పాలిసాకరైడ్‌కి అతుక్కుంటుంది గనుక ఆ పేరు వచ్చింది. తయారయ్యేది కాలేయంలో. తయారు చెయ్యమని కాలేయానికి చెప్పేది ముఖ్యంగా ఇంటర్‌ల్యూకిన్-6 (ఐఎల్-6). ఇలా కణాల మధ్య సంకేతాలు మోసే ప్రొటీన్లను సైటోకైన్లు అంటారు. గాయమో ఇన్‌ఫెక్షనో అయిన ఆరేడు గంటలకు పెరగడం మొదలవుతుంది, రెండు రోజులకు గరిష్ఠానికి చేరుతుంది. కారణం పోయాక సుమారు 19 గంటలకోసారి సగానికి దిగుతుంది. ఒంట్లో ఎక్కడో ఏదో జరుగుతోందని చెప్పడం వరకే దాని పని. అది చిగుళ్లలోనా, ఊపిరితిత్తుల్లోనా, కీళ్లలోనా, పొట్ట కొవ్వులోనా అన్నది చెప్పదు.

మనసు మీద ఇన్‌ఫ్లమేషన్ ప్రభావం ఎలా ఉంటుందో తెలియాలంటే జ్వరం వచ్చిన రోజును గుర్తు చేసుకుంటే చాలు. అన్నం సహించదు. ఎవరు పలకరించినా విసుగే. ఇష్టమైన పని కూడా చేయబుద్ధి కాక, దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుంటాం. సైటోకైన్లు మెదడుకు పంపే సంకేతమే దానికి కారణం. ఇదే నెలల తరబడి సాగితే ఏమవుతుందో హెపటైటిస్-సి చికిత్సలో తెలిసింది. ఒకప్పుడు ఆ జబ్బుకు ఇంటర్‌ఫెరాన్-ఆల్ఫా ఇంజెక్షన్లు ఇచ్చేవారు. అంతకుముందు మనసుకు ఏ ఇబ్బందీ లేనివాళ్లలో కూడా దాదాపు నాలుగో వంతు మందికి డిప్రెషన్ వచ్చేది. సైటోకైన్లు ఐడీఓ అనే ఎంజైమును ఉసిగొల్పుతాయి. మనసు స్థితిని ప్రభావితం చేసే సెరటోనిన్‌కు ముడిసరుకైన ట్రిప్టోఫాన్‌ను అది కైన్యురెనిన్ అనే వేరే పదార్థం వైపు మళ్లిస్తుంది. ఉత్సాహాన్ని నడిపే డోపమైన్ వ్యవస్థ కూడా మందగిస్తుంది.

జనాభా మీద జరిగిన అధ్యయనాలూ ఇటే చూపిస్తున్నాయి. 2013లో వెలువడిన కోపెన్‌హాగెన్ అధ్యయనంలో 73,131 మంది పెద్దవాళ్ల రక్తం చూస్తే, సీఆర్‌పీ ఎక్కువున్నవాళ్లలో డిప్రెషన్ కూడా ఎక్కువుంది. 2019లో 30 అధ్యయనాలను, వాటిలోని 13,541 మంది డిప్రెషన్ రోగులను కలిపి లెక్కిస్తే, లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటిన సీఆర్‌పీ నూటికి 27 మందిలో కనిపించింది. అంటే మిగతా 73 మంది ఈ పరీక్షకు దొరకరు. పైగా సీఆర్‌పీతో ముడిపడేవి నీరసం, నిద్ర, ఆకలి మార్పులే ఎక్కువ. దిగులుతో దానికున్న ముడి బలహీనం. అదే కోపెన్‌హాగెన్ బృందం 2014లో జన్యువుల వైపు నుంచి చూసింది. పుట్టుకతో సీఆర్‌పీ ఎక్కువుండే జన్యురూపాలు ఉన్నంత మాత్రాన డిప్రెషన్ పెరగలేదు. కాబట్టి సీఆర్‌పీయే దోషి అనడానికి లేదు. బరువు, పొగ, నిద్రలేమి, దీర్ఘకాలిక జబ్బు వంటివి అటు సీఆర్‌పీనీ ఇటు డిప్రెషన్‌నూ రెండింటినీ పెంచుతాయి.

ప్యాకేజీ అమ్మేవారు ఒక లెక్క వేసి చూడాలి. వెయ్యిమంది హెచ్‌ఎస్-సీఆర్‌పీ చేయించుకున్నారనుకుందాం. వాళ్లలో 50 మందికి డిప్రెషన్ ఉందనుకుందాం. నూటికి 27 చొప్పున అందులో పధ్నాలుగు మందికి సీఆర్‌పీ 3 దాటుతుంది. డిప్రెషన్ లేని 950 మందిలోనూ లావు, పిప్పిపన్ను, బీడీ, మోకాళ్ల అరుగుదల వంటి కారణాలతో నూటికి ఇరవై మందికైనా 3 దాటుతుందనుకుంటే, అది 190 మంది. మొత్తం 204 మందికి రిపోర్టులో ఎర్రక్షరాలు వస్తాయి. డిప్రెషన్ ఉన్నది అందులో 14 మందికే. ఇటువైపు నిజంగా డిప్రెషన్ ఉన్న 36 మంది "నార్మల్" కాగితం పట్టుకుని ఇంటికి వెళ్తారు. ఆ కాగితం వాట్సాప్‌లో పీడీఎఫ్‌గా రాత్రి పదింటికి వస్తుంది, పక్కన వివరించేవారు ఎవరూ ఉండరు. ఏ పక్క చూసినా దీన్ని పరీక్ష అనలేం.

ఇక ల్యాబుల్లో జరిగే పొరపాట్ల సంగతి. మొదటిది యూనిట్ల గోల. కొన్ని రిపోర్టులు డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో, కొన్ని లీటరుకు మిల్లీగ్రాముల్లో వస్తున్నాయి. రెంటికీ తేడా పది రెట్లు. ఒక ల్యాబులో 0.5 వచ్చిన మనిషి నెల తర్వాత మరో ల్యాబులో 5.0 చూసి హడలిపోతున్నారు, రెండూ ఒకటే. అంతకన్నా ప్రమాదం తిరగబడ్డ పొరపాటు. డెసీలీటరులో ఉన్న 0.5ను చూసి, "ఒకటి లోపే, బాగుంది" అని వైద్యుడు పక్కన పెట్టేస్తారు. నిజానికి అది లీటరుకు 5, అంటే 3 దాటిన లెక్క. అందరూ లీటరుకు మిల్లీగ్రాముల్లోనే ఇవ్వండి. యూనిట్‌ను అంకె పక్కనే, అంకెంత సైజులోనే అచ్చు వెయ్యండి.

రెండోది, స్లైడ్ మీద చేసే లాటెక్స్ పరీక్ష. చిన్న టౌన్లలో ఇప్పటికీ ఇదే నడుస్తోంది. సీరం చుక్క, లాటెక్స్ రీజెంట్ చుక్క కలిపి, స్లైడ్ తిప్పుతూ రెండు నిమిషాలకు పాలు విరిగినట్టు గడ్డలు కట్టిందా లేదా చూడటం. మామూలుగా లీటరుకు 6 మిల్లీగ్రాములు దాటితేనే ఇది విరుగుతుంది. అంటే 1కీ 3కీ మధ్య తేడా దీనికి కనిపించదు. 4 ఉన్నవారికీ నెగటివ్ అనే చెబుతుంది. రెండు నిమిషాల్లో చూడకుండా ఫోన్ ఎత్తి వచ్చేసరికి అంచులు ఎండి గడ్డలు కట్టినట్టు కనిపిస్తుంది. లేని పాజిటివ్ వస్తుంది. రీజెంట్‌ను ఫ్రిజ్‌లోంచి తీసి గది వేడికి రాకముందే వాడినా, ఎప్పుడైనా గడ్డకట్టించినా అంతే. జ్వరాలకు ఈ పరీక్ష పనికొస్తుంది. దాని ఫలితాన్ని హెచ్‌ఎస్-సీఆర్‌పీ పేరుతో ఇవ్వడం తప్పు. హెచ్‌ఎస్ అనాలంటే టర్బిడిమెట్రీ లేదా నెఫెలోమెట్రీ (కాంతితో కొలిచే యంత్ర పద్ధతులు) మీద, 1 కంటే తక్కువ స్థాయి కంట్రోలు (విలువ ముందే తెలిసిన నమూనా) కూడా రోజూ నడిపి చెయ్యాలి.

ఎప్పుడు తీశారన్నది మూడోది. జ్వరం, పన్ను పీకించుకోవడం, టీకా, దెబ్బ, ఆపరేషన్ ఏది అయినా రెండు వారాలు ఆగి తియ్యాలి. 10 దాటితే దాన్ని గుండె లెక్కకో మనసు లెక్కకో వాడకూడదు. ఇన్‌ఫెక్షన్ వెతికి, తగ్గాక రెండు వారాలకు మళ్లీ చెయ్యాలి. ఇన్‌ఫెక్షన్ లేకపోయినా ఒకే మనిషిలో రోజుకీ రోజుకీ దాదాపు 40 శాతం ఊగుతుంది. కాబట్టి 2.8 వచ్చినవారికి, 3.4 వచ్చినవారికి నిజంగా తేడా లేకపోవచ్చు. కావాల్సి వస్తే రెండు వారాల ఎడంతో రెండుసార్లు తీసి సగటు తీసుకోండి. పరగడుపున రమ్మనక్కర్లేదు. గర్భనిరోధక మాత్రలు, గర్భం సీఆర్‌పీని పెంచుతాయి, స్టాటిన్లు తగ్గిస్తాయి. ఫారంలో ఆ మూడు ప్రశ్నలూ అడగండి.

ఐఎల్-6 సంగతి ఇంకా కష్టం. ఉదయం ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుంది. రక్తం తీసి సెంటర్లో గంటలు గంటలు ఉంచి, సాయంత్రం బైక్ మీద హైదరాబాదుకో విజయవాడకో పంపితే, ట్యూబులోని కణాలే దాన్ని తయారుచేసి అంకె పెంచేస్తాయి. తీసిన వెంటనే ప్లాస్మా విడదీసి చల్లగా ఉంచాలి. డిప్రెషన్ కోసం దీన్ని చేయించాల్సిన అవసరం మా దృష్టిలో అసలు లేదు. ఇన్‌ఫ్లమేషన్‌కు వాడే పాత పరీక్ష ఈఎస్ఆర్ (ఎర్ర రక్తకణాలు అడుక్కు దిగే వేగం) గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు: మన ఆడవాళ్లలో రక్తహీనత ఎక్కువ, రక్తహీనతకే ఈఎస్ఆర్ పెరుగుతుంది.

వైద్యులకు. డిప్రెషన్ అనిపించిన మనిషికి మీరు రాయాల్సిన రక్త పరీక్షలు ఉన్నాయి: థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, బీ12, షుగర్. వీటిలో తేడా దొరికితే దానికి చికిత్స ఉంది. డిప్రెషన్‌ని తేల్చేది మాత్రం ప్రశ్నలే. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక వాడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు, ఐదు నిమిషాలు చాలు. గత రెండు వారాల్లో తొమ్మిది ఇబ్బందులు ఎన్ని రోజులు బాధపెట్టాయని అడుగుతుంది, ఒక్కోదానికి సున్నా నుంచి 3 మార్కులు, మొత్తం 27. 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే కూర్చోబెట్టి వివరంగా మాట్లాడాలి. చదువుకోనివారికి మీరే, వాళ్ల యాసలో, ఇంట్లోవాళ్లను కాసేపు బయట కూర్చోమని చెప్పి అడగండి. భర్తో అత్తో పక్కనుంటే తొమ్మిదో ప్రశ్నకు నిజం రాదు. ఆ ప్రశ్న చనిపోవాలనిపించడం గురించి. దానికి సున్నా కాక మరేం వచ్చినా, మొత్తం మార్కులు ఎంత తక్కువున్నా, ఆ మనిషిని ఒంటరిగా పంపకండి. ఆలోచన ఎప్పటిదో, దారి ఏదో, ఇంట్లో పురుగుమందు ఉందో అడగండి, ఉంటే తీయించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి అక్కడికక్కడే ఫోన్ కలపండి. తెలుగులో, ఇరవై నాలుగు గంటలూ పలుకుతారు. ప్రాణాపాయం దగ్గరలో ఉందనిపిస్తే మాత్రం ఫోనుతో సరిపెట్టకుండా నేరుగా ఆసుపత్రికి పంపండి. ల్యాబు సిబ్బంది చేత ఈ ప్రశ్నలు అడిగించడం మాకు ఇష్టం లేదు. తొమ్మిదో ప్రశ్నకు "అవును" అన్న మనిషికి సమాధానం చెప్పగల వైద్యుడు ఆ గదిలో ఉండాలి.

మరి సీఆర్‌పీ అసలు పనికే రాదా? ఇన్‌ఫ్లమేషన్ జబ్బు ఉన్న మనిషిలో డిప్రెషన్‌ను వెతకమని గుర్తుచేయడానికి పనికొస్తుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) ఉన్నవాళ్లను కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేసిన అధ్యయనాలన్నీ కలిపితే నూటికి 17 మందిలో డిప్రెషన్ కనిపించింది. ఆ జబ్బు తీవ్రతను కొలవడానికి కీళ్ల డాక్టర్లు వాడే డాస్-28 స్కోరులో నాలుగు అంశాలున్నాయి: నొక్కితే నొప్పి పుట్టే కీళ్లు, వాచిన కీళ్లు, సీఆర్‌పీ లేదా ఈఎస్ఆర్, "మొత్తంమీద ఎలా ఉంది" అని రోగి ఇచ్చే మార్కు. మొదటిదీ చివరిదీ రోగి చెప్పే మాట మీద ఆధారపడతాయి. డిప్రెషన్ ఉంటే ఆ రెండూ పెరుగుతాయి. వాపు లేదు, సీఆర్‌పీ నార్మల్, అయినా స్కోరు ఎక్కువుంటే కీళ్లవాతం మందు మెథోట్రెక్సేట్ పెంచే ముందు మనసు గురించి అడగండి. ఇక్కడ నార్మల్ సీఆర్‌పీయే డిప్రెషన్‌ని అనుమానించమంటోంది. ఇలాంటివారిలో పీహెచ్‌క్యూ-9 చదవడంలోనూ ఒక మెలిక ఉంది. నీరసం, నిద్ర, ఆకలి మార్కులు అసలు జబ్బు వల్లే రావచ్చు. అందుకే మొదటి రెండు ప్రశ్నలను ప్రత్యేకంగా చూడండి: ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, దిగులు. టీబీ మందులు వాడుతున్నవారికి, చికున్‌గున్యా తర్వాత నెలలుగా కీళ్లు పట్టేసి ఉన్నవారికి, షుగర్ ఉన్నవారికి ఇదే పద్ధతి.

డిప్రెషన్ ఉండి, రెండుసార్లూ సీఆర్‌పీ 3 దాటితే ఏం వెతకాలి? నోరు తెరిపించి చిగుళ్లు చూడండి, ఈ పని చాలామంది మర్చిపోతారు. నడుం చుట్టుకొలత తీయండి: మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు మన హద్దు. గురకపెడతారా, నిద్రలో ఊపిరి ఆగినట్టవుతుందా అని పక్కన పడుకునేవారిని అడగండి. పొగాకు, పొద్దున పూట కీళ్లు బిగుసుకోవడం, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం గురించి అడగండి. దొరికినదానికి చికిత్స చేస్తూనే, డిప్రెషన్‌కి మామూలు చికిత్స అదే రోజు మొదలుపెట్టండి. సీఆర్‌పీ తగ్గేదాకా ఆగకండి.

ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే మందులతో డిప్రెషన్ తగ్గించే ప్రయత్నాలు చాలా జరిగాయి. అమెరికాలో, మామూలు మందులకు లొంగని డిప్రెషన్ ఉన్న 60 మందిలో ఇన్‌ఫ్లమేషన్‌ను అణచే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందును పరీక్షించారు; ఫలితాలు 2013లో వచ్చాయి. మొత్తంమీద తేడా రాలేదు. సీఆర్‌పీ 5 దాటినవారిలో మేలు సూచన కనిపించింది. తక్కువున్నవారిలో మందు కన్నా ఉత్తుత్తి మందే నయమనిపించింది. పాకిస్తాన్‌లో 266 మంది బైపోలార్ డిప్రెషన్ రోగులకు మినోసైక్లిన్ (యాంటీబయాటిక్), సెలెకాక్సిబ్ (నొప్పి మందు) జోడించి చూశారు, లాభం రాలేదు. 19 వేలకు పైగా వృద్ధుల్లో రోజూ 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ డిప్రెషన్‌ను ఆపలేదు. సీఆర్‌పీ చూసి డిప్రెషన్ మందుల్లో ఎస్సిటాలోప్రామ్ ఇవ్వాలా, నార్‌ట్రిప్టిలిన్ ఇవ్వాలా అని ఎంచుకోవచ్చన్న 2014 నాటి ఆలోచన మాకూ ఆసక్తికరమే. క్లినిక్‌లో వాడేంత రుజువు దానికి ఇంకా లేదు.

అందుకే నొప్పి బిళ్లల గురించి గట్టిగా చెబుతున్నాం. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ వంటి మందులు ప్లేట్‌లెట్లలో సెరటోనిన్‌ను తగ్గిస్తాయి. దానికి డైక్లోఫెనాకో ఐబుప్రొఫెనో తోడైతే కడుపులో రక్తస్రావం ముప్పు బాగా పెరుగుతుంది. మన రోగి ఆ బిళ్లను చీటీ లేకుండా మెడికల్ షాపులో కొనుక్కుంటారు, మీకు చెప్పరు. పేరు పెట్టి అడగండి. నొప్పికి తప్పదంటే ముందు పారాసిటమాల్. వాపు తగ్గుతుందని స్టిరాయిడ్ ఇచ్చారా, అది కొందరిలో మనసును ఇంకా కుంగదీస్తుంది, కొందరిలో ఉన్మాదం తెస్తుంది. డిప్రెషన్ మందు మొదలుపెట్టే ముందు, ఎప్పుడైనా నిద్ర లేకుండానే రోజుల తరబడి విపరీతమైన హుషారు, ఖర్చు, మాటలు ఉన్నాయా అని ఇంట్లోవాళ్లనూ అడగాలి. ఉంటే మానసిక వైద్యుడి దగ్గరకే పంపాలి. లేకపోతే ఎస్సిటాలోప్రామ్ రోజుకు 10 మిల్లీగ్రాములు సాధారణ మోతాదు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని మొదటి రోజే చెప్పకపోతే పదో రోజున మానేస్తారు. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించాలి. మందు వద్దనేవారికి మాటల చికిత్స ఉంది. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, శిక్షణ పొందిన మామూలు మనుషులే ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చుని చేసిన చికిత్స తీవ్రమైన డిప్రెషన్‌నూ తగ్గించిందని 2017లో రుజువైంది.

ల్యాబులు ఇప్పుడే చేయగలిగే పని ఒకటుంది. హెచ్‌ఎస్-సీఆర్‌పీ ఉన్న ప్యాకేజీల పేర్లలోంచి మనసు, ఒత్తిడి, డిప్రెషన్ అన్న మాటలు తీసెయ్యండి. రిపోర్టు సాఫ్ట్‌వేర్‌లో వివరణ రాసే పెట్టె ఉంటుంది. అందులో ఈ నాలుగు మాటలు, తెలుగులోనే, పెట్టండి:

"ఈ పరీక్ష డిప్రెషన్ ఉందో లేదో చెప్పదు. ఫలితం నార్మల్ అయినా మీకు దిగులు, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలుగా ఉంటే వైద్యుడికి చెప్పండి. ఫలితం 10 దాటితే రెండు వారాల తర్వాత మళ్లీ చేయించండి. చనిపోవాలనిపిస్తే ఇప్పుడే 14416కి ఫోన్ చేయండి."

ఇట్లు,
మానసిక వైద్యం, క్లినికల్ బయోకెమిస్ట్రీ రంగాల్లో పనిచేస్తున్న కొందరం